జాగ్రత్త: విమానం టికెట్టులో మీ పేరుంటే చాలదు, ఫోన్ నంబరు ఎవరిదో చూసుకోండి

ఉద్యోగం పనిమీద తరచూ విమానాల్లో తిరుగుతూ, టికెట్లు మధ్యవర్తి యాప్‌ల ద్వారా కొనే తోటి ప్రయాణికుల కోసం ఇది రాస్తున్నాను. యాప్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకటి, నా ఫిర్యాదు ఇంకా తేలలేదు. రెండు, ఇదే పద్ధతిలో టికెట్లు అమ్మేవారు ఇంకా ఉన్నారు కనుక ఒక్క పేరు చెప్పి ఊరుకుంటే మిగతావారి దగ్గర మీరు ఏమరుపాటుగా ఉండే ప్రమాదం ఉంది.

నేను ఔషధ కర్మాగారాలకు మాత్రలు ఒత్తే యంత్రాలు అమ్మే సంస్థలో సర్వీస్ ఇంజినీరును. ఉండేది హైదరాబాద్ కూకట్‌పల్లిలో. విశాఖ దగ్గర పరవాడ, అహ్మదాబాద్ చుట్టుపక్కల యూనిట్లు, చండీగఢ్ మీదుగా బద్ది, అప్పుడప్పుడు గోవా, ఇలా నెలకు అయిదారు ప్రయాణాలు తప్పవు. టికెట్టు సొంత కార్డుతో కొని, తిరిగివచ్చాక టూర్ బిల్లు పెట్టుకోవాలి. చాలా ఏళ్లపాటు ఇదంతా ఒక చిన్న జేబు పుస్తకంతో నడిచింది. ప్రయాణానికొక పేజీ, అందులో పీఎన్ఆర్, విమానం నంబరు, బయలుదేరే సమయం, హోటల్ చిరునామా, ప్లాంటులో కలవాల్సిన మనిషి ఫోన్ నంబరు. ముందురోజు సాయంత్రం ఆ పేజీ తెరిచి, విమాన సంస్థ వెబ్‌సైటులో పీఎన్ఆర్ కొట్టి, సమయం సరిచూసుకోవడం అలవాటుగా ఉండేది.

నిరుడు 2,999 రూపాయలు కట్టి ఆ అలవాటును వదులుకున్నాను. ‘వ్యాపార ప్రయాణికుల వార్షిక సభ్యత్వం’ పేరుతో ఒక టికెట్ల యాప్ ఇచ్చిన మాట ఇది: టికెట్టు కొనడం, వెబ్ చెక్-ఇన్ చేయడం, ప్రయాణ సమయాన్ని గుర్తుచేయడం, బిల్లులన్నీ ఒకేచోట దాచడం, రద్దు చేసుకుంటే రుసుము లేకుండా డబ్బు తిరిగివ్వడం, అన్నీ వారే చూసుకుంటారు. రెండు నెలలు నిజంగానే బాగా నడిచింది. పుస్తకం బీరువాలోకి వెళ్లిపోయింది.

అసలు దెబ్బ అహ్మదాబాద్ ప్రయాణంలో తగిలింది. ఉదయం 7:40 విమానమని యాప్‌లోని టికెట్టు చెబుతోంది. తెల్లవారుజామున పుష్పక్ బస్సెక్కి 5:25కు శంషాబాద్‌లో దిగాను. ద్వారం దగ్గర భద్రతా జవాను టికెట్టు మీద పేరు, తేదీ, ఆధార్ కార్డు చూసి లోపలికి పంపించాడు. బ్యాగేజీ కౌంటరు వైపు నడుస్తూ తెర మీదికి చూస్తే నా విమానం నంబరు పక్కన 6:15 అని ఉంది. ఇంకేదో విమానమనుకుని మళ్లీ చూశాను. నంబరు అదే, ఊరు అదే. దేశీయ విమానాలకు కౌంటరు బయలుదేరే సమయానికి గంట ముందు మూసేస్తారు కనుక నాకది మూతపడి అప్పటికే పది నిమిషాలు దాటింది.

చేతిసంచి మాత్రమే ఉన్నవారైతే ఫోనులో బోర్డింగ్ పాస్ తీసుకుని భద్రతా తనిఖీ వైపు పరుగెత్తి చూసేవారేమో. నా దగ్గర పనిముట్ల పెట్టె ఉంది. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, టార్క్ రెంచీ క్యాబిన్‌లోకి రానివ్వరు, వాటిని కౌంటరులో వేయవలసిందే. అవి లేకుండా నేను అక్కడికి వెళ్లి చేసే పనీ లేదు. కౌంటరులోని అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. సమయం ముందుకు జరిగి పది రోజులైందని, ఆ సంగతి టికెట్టులో ఉన్న ఫోనుకూ మెయిలుకూ పంపామని చెప్పింది. నాకేమీ రాలేదన్నాను. ఆమె తెరమీద చూసి, నంబరులోని చివరి నాలుగు అంకెలు చదివింది. అవి నావి కావు. మెయిలు కూడా యాప్ వారిదే. టికెట్టు మీద నాదంటూ ఉన్నది పేరొక్కటే.

తోటి కొనుగోలుదారులు ముఖ్యంగా గమనించవలసినది ఈ సంగతే. మనం యాప్‌లో మన నంబరు ఇస్తాం, ఓటీపీ కూడా దానికే వస్తుంది, అందువల్ల విమాన సంస్థకూ అదే చేరిందని నమ్ముతాం. కానీ మధ్యవర్తి తన వ్యవస్థ నుంచి టికెట్టు తీసేటప్పుడు ప్రయాణికుడి నంబరుకు బదులు తన నంబరు, తన మెయిలు పెట్టే అవకాశం ఉంది. అలా చేస్తే విమాన సంస్థ లెక్కలో వినియోగదారు అతడే అవుతాడు. సమయం మారినా, విమానం రద్దయినా, టెర్మినల్ మారినా కబురు అతని దగ్గరికే వెళుతుంది. అతడు మనకు చేరవేస్తే అదృష్టం, లేకపోతే తెరమీద చూసి తెలుసుకోవలసిందే. దీనికి ఇంకొక మెలిక ఉంది. విమానం రద్దయినప్పుడు ప్రయాణికుడికి దక్కవలసిన నష్టపరిహారం గురించి పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనలు వివరంగానే చెబుతాయి. అయితే టికెట్టు కొనేటప్పుడు సరైన ఫోన్ వివరాలు ఇవ్వని వారికి ఆ పరిహారం వర్తించదని కూడా అవే నిబంధనల్లో ఉంది. వేరొకరి నంబరు ఉన్న టికెట్టుతో కౌంటరు ముందు నిలబడితే మన వాదన ఎంత బలహీనమవుతుందో ఆరోజు నాకు తెలిసింది.

ఆ కంగారులో నేను చేసిన మరో పొరపాటు కూడా చెప్పుకోవాలి. యాప్‌లో కస్టమర్ కేర్ బటను నొక్కితే సంగీతం మోగుతోందే తప్ప మనిషి పలకడం లేదు. ఓపిక నశించి ఇంటర్నెట్‌లో ఆ సంస్థ పేరుతో కస్టమర్ కేర్ నంబరు వెతికి, మొదట కనిపించిన నంబరుకు ఫోన్ చేశాను. అవతలి మనిషి ఫోను రెండుసార్లు మోగగానే ఎత్తి, ఎంతో ఆదరంగా మాట్లాడి, డబ్బు వెంటనే తిరిగి పంపుతానంటూ నా ఫోను తెర తనకు కనిపించేలా ఒక యాప్ వేసుకోమన్నాడు. అప్పుడు తెలివి వచ్చి ఫోన్ పెట్టేశాను. ఇలా నకిలీ నంబర్లు పెట్టి, డబ్బు పోయి తొందరలో ఉన్నవారి కోసమే కాచుకుని ఉంటారు. ఎవరైనా అప్పటికే మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

చివరికి 9:50 విమానానికి 11,460 రూపాయలు పెట్టి మరో టికెట్టు, ఈసారి విమాన సంస్థ కౌంటరులోనే, నా నంబరుతో కొన్నాను. ప్లాంటుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. నా కోసం లైను ఆపి, యంత్రం తలుపులు తెరిచిపెట్టి, షిఫ్టు మనుషులు పదింటి నుంచి కూర్చుని ఉన్నారు. వారి మేనేజరు ఒక్క మాటా అనలేదు, గోడ గడియారం వైపు మాత్రం చూశాడు. డబ్బు నష్టం సంగతి మరిచిపోగలనేమో గాని ఆ చూపు మరిచిపోలేను.

తిరిగివచ్చాక సభ్యత్వం కింద చెప్పిన మిగతా సౌకర్యాలన్నీ ఒక్కొక్కటిగా తీసి చూశాను. అంతకుముందు చండీగఢ్ ప్రయాణం ఒకటి రద్దు చేసుకున్నాను. ‘రుసుము లేని రద్దు’ అన్నారు కదా, 4,870 రూపాయలు కార్డులోకి వస్తాయనుకున్నాను. అవి యాప్‌లోని వ్యాలెట్‌లో పడ్డాయి, వాటికి 90 రోజుల గడువు కూడా పెట్టారు. డబ్బును ఇలా సంస్థ దగ్గరే జమగా అట్టిపెట్టుకోవాలో, చేతికి ఇవ్వాలో తేల్చే హక్కు ప్రయాణికుడిదే తప్ప విమాన సంస్థది కాదని డీజీసీఏ నిబంధన స్పష్టంగా చెబుతోంది. ఏజెంటు ద్వారా కొన్న టికెట్టయినా, ఏజెంటు విమాన సంస్థ నియమించుకున్న ప్రతినిధే కనుక డబ్బు తిరిగి ఇప్పించే బాధ్యత ఆ సంస్థదేనని కూడా అందులో ఉంది. ‘మీ ఏజెంటును అడగండి’ అని పంపించేస్తే ఈ మాట గుర్తుచేయండి. తిరిగి డబ్బురాని చౌక టికెట్టును రద్దు చేసుకున్నా అందులోని ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ వినియోగ రుసుము మాత్రం వాపసు ఇవ్వవలసిందే. చాలామంది అడగక వదులుకునే డబ్బు ఇది.

బిల్లుల సంగతి అంతకన్నా అన్యాయంగా తేలింది. మా అకౌంట్స్ విభాగం వారు ఆరు నెలల టూర్ బిల్లులు తిరగేసి, వాటిలో ఒక్కటి కూడా జీఎస్టీ క్రెడిట్‌కు, అంటే టికెట్టు మీద కట్టిన పన్నును కంపెనీ తన పన్ను లెక్కలో తగ్గించుకోవడానికి, పనికిరాదని వెనక్కి పంపారు. యాప్ ‘ఒకేచోట దాచిన బిల్లు’ అని ఇచ్చినదంతా దాని సొంత కన్వీనియన్స్ ఫీజుకు సంబంధించిన ఇన్వాయిస్ మాత్రమే. ఛార్జీ మీద పన్ను ఇన్వాయిస్ విమాన సంస్థ ఇవ్వాలి, అందులో మా కంపెనీ జీఎస్టీ నంబరు ఉండాలి. ఆ నంబరును టికెట్టు తీసేటప్పుడే చేర్చాలి, తర్వాత చేర్పించడం గగనం. ఎకానమీ తరగతిలో పన్ను 5 శాతమే కనుక ఒక టికెట్టు మీద రెండు మూడు వందలకు మించదు. కానీ ఏడాదికి అరవై డెబ్బై టికెట్లు కొనేవారి లెక్కలో అది పదిహేను వేలు దాటుతుంది, అదీ ఒక్క ఉద్యోగికి. బిజినెస్ తరగతిలో తిరిగే పెద్దలకు 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 18 శాతమైంది, వారి అకౌంట్స్ వారు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో చెప్పనక్కర్లేదు. హోటల్ బిల్లుల్లో పరిస్థితి వేరు. హోటల్ ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానిదే అవుతుంది కనుక అక్కడ నమోదు లేని కంపెనీకి క్రెడిట్ రాదు. అందువల్ల యాప్‌లు ‘హోటల్ జీఎస్టీ ఆదా’ అని ఊరిస్తే నమ్మి అదనపు డబ్బు కట్టవద్దు.

ఇంకొకటి చిన్నదే అయినా చెప్పాలి. టికెట్టు కొనే చివరి తెరమీద బీమాకూ, సీటుకూ, ఏదో ధర్మకార్యానికీ టిక్కులు ముందే పెట్టి ఉంటాయి. మనం అడగనిది బుట్టలో వేసి డబ్బు గుంజడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీచేసిన మార్గదర్శకాలు మోసపు పోకడల్లో ఒకటిగా చేర్చాయి. కొద్ది కొద్దిగా ధర పెంచుతూ చివరికి అసలు మొత్తం చూపించడం, ‘ఇంకా రెండే సీట్లున్నాయి’ అని అబద్ధపు తొందర పెట్టడం, సభ్యత్వంలోంచి బయటపడే దారి దొరకకుండా చేయడం కూడా ఆ 13 పోకడల జాబితాలోనే ఉన్నాయి. నా సభ్యత్వం ఏడాది తిరిగేసరికి తనంతట తానే పొడిగింపు అయ్యేలా ఆటోపే పెట్టి ఉంది. 15,000 రూపాయల లోపు ఇలాంటి వసూళ్లకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. అయితే రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 24 గంటల ముందు సందేశం రావాలి. ఆ సందేశం రావడం వల్లే నేను బ్యాంకు యాప్‌లోకి వెళ్లి అనుమతి రద్దు చేయగలిగాను. టికెట్ల యాప్‌లో మాత్రం రద్దు బటను ఎంత వెతికినా కనిపించలేదు.

ఫిర్యాదు కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించాను, విమాన సంస్థ మీద ఉన్న భాగాన్ని పౌర విమానయాన శాఖ వారి ఫిర్యాదుల వేదిక ఎయిర్‌సేవలో పెట్టాను. ఇక్కడ వ్యాపార ప్రయాణికులకు ఒక చిక్కు ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వాణిజ్య అవసరం కోసం సేవను కొన్నవారు ‘వినియోగదారు’ నిర్వచనంలోకి రారు. సభ్యత్వం కంపెనీ పేరున తీసుకున్నవారు వినియోగదారుల కమిషన్ మెట్లెక్కే ముందు న్యాయవాదిని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇప్పుడు టికెట్లు విమాన సంస్థ వెబ్‌సైటులోనే కొంటున్నాను. అక్కడ రెండు మూడు వందలు ఎక్కువైనా ఫోను, మెయిలు, కంపెనీ జీఎస్టీ నంబరు నా చేతులతో నేనే ఎక్కిస్తాను. ఇన్వాయిస్ వచ్చిన రోజే ‘టూర్ బిల్లు’ అనే ఫోల్డరులో వేస్తాను. జేబు పుస్తకం బీరువాలోంచి బయటికి వచ్చింది. ఒక కొత్త గడి కూడా గీశాను, ‘కౌంటరు మూసే సమయం’ అని. బయలుదేరే సమయం కన్నా నాకు అదే ముఖ్యమని పనిముట్ల పెట్టె నేర్పింది.

మీలో ఎవరైనా మధ్యవర్తి దగ్గర ఇప్పటికే టికెట్టు కొని ఉంటే, ఈ రాత్రే విమాన సంస్థ వెబ్‌సైటు తెరిచి పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి చూడండి. యాప్ ఇచ్చే బుకింగ్ నంబరు వేరు, విమాన సంస్థ ఇచ్చే ఆరు అక్షరాల పీఎన్ఆర్ వేరు. టికెట్టులో రెండోది కనిపించకపోతే యాప్ వారిని అడిగి తీసుకోండి. విమాన సంస్థ దగ్గర ఉన్న ఫోన్ నంబరు మీది కాకపోతే వెంటనే విమాన సంస్థకు ఫోన్ చేసి మార్పించుకోండి.

నా వ్యాలెట్‌లోని 4,870 రూపాయలకు ఇంకా 41 రోజుల గడువు ఉంది. వాటిని వాడుకోవాలంటే మళ్లీ ఆ యాప్‌లోనే టికెట్టు కొనాలట.