టైటానిక్: ఇంజిన్ రూమ్ మనిషి చూస్తే

జేమ్స్ కామెరాన్ తీసిన ఈ 1997 సినిమా కథ అందరికీ తెలిసిందే, జాక్, రోజ్‌ల ప్రేమ గురించి ఎక్కువ చెప్పను. డికాప్రియో, కేట్ విన్‌స్లెట్ ఇద్దరూ బాగా చేశారు. రోజ్‌కి కాబోయే మొగుడు కాల్ మాత్రం అచ్చం మన పాత సినిమాల్లో జమీందారు గారబ్బాయే. ఓడ మునుగుతుంటే పడవ చూసుకోకుండా పిస్తోలు పట్టుకుని నీళ్లలో వాళ్ల వెంట పడతాడు. నాకు నవ్వొచ్చింది.

నేను సరుకు ఓడల్లో మోటార్‌మన్‌గా, అంటే కింద ఇంజిన్ రూమ్‌లో పనివాడిగా, చేసి రిటైరైన వాణ్ని. అందుకే నా చూపు డెక్ మీద కంటే కిందే ఎక్కువ తిరిగింది. మంచుకొండ కనబడగానే ఇంజిన్లు రివర్స్ చేయమని పైనుంచి ఆర్డర్ వస్తుంది. అంత పెద్ద ఆవిరి ఇంజిన్ చెప్పగానే వెనక్కి తిరగదు. ముందు ఆవిరి కట్టేయాలి, ఇంజిన్ ఆగాలి, ఆ తర్వాతే రివర్స్. అది ఎప్పుడు ఆగుతుందా అని కిందవాళ్లు చూస్తూ నిలబడతారే, నాకు అసలు టెన్షన్ అక్కడే. ఇంజిన్ సీన్ల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న జెరెమయా ఓబ్రయన్ అనే రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడలో షూటింగ్ చేశారు. నిజం యంత్రం కాబట్టే తెర మీద ఆ బరువు తెలుస్తుంది.

ఇంకో తెలివైన పని, ఓడ ఎలా మునిగిందో మొదట్లోనే కంప్యూటర్ బొమ్మల్లో చూపించేయడం. ముక్కు భాగం నిండటం, వెనక భాగం పైకి లేవటం, నడుం విరగటం అన్నీ ముందే తెలిసిపోతాయి. ఇక సెకండాఫ్‌లో ఎవరూ కథ ఆపి పాఠం చెప్పక్కర్లేదు. ఓడ డిజైన్ చేసిన ఆండ్రూస్ ప్లాన్ కాగితం పరిచి, ఓడ అడుగున అడ్డుగోడలతో విడదీసిన గదుల్లో నాలుగు నిండినా తేలుతుంది, ఐదు నిండితే తేలదు అంటాడు. అంతే, గుండె జారిపోతుంది.

నా కోపమల్లా ఒక్కటే. 1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి ఓడ మంచుకొండకు తగిలింది, తెల్లవారుజామున 2:20కి మునిగింది. దాదాపు చివరిదాకా లైట్లు వెలిగాయంటే కింద మనుషులు ఉండబట్టే. చీఫ్ ఇంజినీర్ జోసెఫ్ బెల్‌తో సహా ఇంజినీర్లలో ఒక్కరూ బతకలేదు. మూడుంపావు గంటల సినిమాలో వాళ్లకి దక్కింది కొన్ని షాట్లు. ఓడ మునుగుతుంటే వయొలిన్లు వాయించినవాళ్లకి ఇచ్చినంత చోటు వీళ్లకీ ఇచ్చి ఉండాల్సింది, ఆ పిస్తోలు గోల తీసేస్తే సరిపోయేది కదా!

పిల్లలతో కూర్చుంటే బొమ్మ గీసే సీన్, కారు సీన్ దగ్గర రిమోట్ చేతిలో ఉంచుకోండి. ఫోన్‌లో మాత్రం చూడకండి. దీనికొచ్చిన 11 ఆస్కార్లలో రెండు శబ్దానివే. ఓడ విరిగేటప్పుడు ఇనుము చేసే మూలుగు మంచి స్పీకర్లలోనే వినాలి.