మినిట్‌మన్ మిస్సైల్ సైట్, సౌత్ డకోటా: తప్పకుండా ఆగి చూడండి

మౌంట్ రష్‌మోర్, బ్యాడ్‌లాండ్స్ చూడ్డానికి వెళ్లే మనవాళ్లు చాలామంది ఐ-90 హైవే మీదే వెళ్తారు. ఆ దారిలోనే, వాల్ అనే ఊరు దగ్గర, ఒకప్పటి మినిట్‌మన్ అణు క్షిపణుల స్థావరాన్ని మ్యూజియంగా ఉంచారు. ఎగ్జిట్ 131 దగ్గర విజిటర్ సెంటర్, 127 దగ్గర డెల్టా-01 ప్రయోగ కేంద్రం, 116 దగ్గర డెల్టా-09 క్షిపణి గొయ్యి. విజిటర్ సెంటర్ ఉచితం. డెల్టా-01 భూగర్భ గదికి మాత్రం టికెట్ కొనాలి, ముందే బుక్ చేసుకోవాలి. లిఫ్ట్ చిన్నది, ఒక్కో బ్యాచ్‌కి ఆరుగురే. అది మొరాయిస్తే నిచ్చెన ఎక్కి బయటపడాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. మా ఆవిడ పైనే ఉండిపోయింది. ఆరేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు. మా మనవడికి తొమ్మిదేళ్లు, వాడు నాతో దిగాడు.

31 అడుగుల కింద ఆ గది. బరువైన ఉక్కు తలుపు మీద పిజ్జా డబ్బా బొమ్మ వేసి, 'ప్రపంచంలో ఎక్కడికైనా 30 నిమిషాల్లో డెలివరీ' అని రాశారు, అక్కడ డ్యూటీ చేసిన కుర్రాళ్లే. లోపల పట్టాల మీద జరిగే రెండు కుర్చీలు, వాటికి బెల్టులు. రెండు తాళాలు వేసిన ఎర్ర పెట్టె. క్షిపణి వదలాలంటే అందులోని రెండు కీలూ ఒకేసారి తిప్పాలి. ఒక్కడి చేతికి రెండూ అందనంత దూరంలో పెట్టారు. మామూలుగా ఇంకో కేంద్రంలోని ఇద్దరు కూడా తిప్పితేగానీ క్షిపణి లేవదు.

నేను కాజీపేటలో రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఈ ఏర్పాటు చేసినవాళ్ల పనితనం నాకు బాగా నచ్చింది. ఒక్కడికి బుద్ధి పెడతోవ పట్టినా ఏమీ చేయలేడు. కానీ మా సిగ్నల్ పనిలో మొదటి సూత్రం ఒకటుంది: తీగ తెగినా, రిలే చెడినా దీపం ఎర్రగా మారాలి, రైలు ఆగాలి. ఇక్కడ అనుమానం వస్తే ఆగే వీలు తక్కువ. గొయ్యి ఎక్కడుందో శత్రువుకు తెలుసు, అతని క్షిపణి రావడానికి అరగంట. అది పడేలోగా తమ క్షిపణులు వదలాలా వద్దా అని అమెరికా అధ్యక్షుడు నిమిషాల్లో తేల్చాలి. 1979 నవంబర్‌లో అమెరికాలో కంప్యూటర్ శిక్షణ టేపును నిజమైన దాడి అనుకున్నారు. 1980 జూన్‌లో 46 సెంట్ల చిప్ చెడిపోయి తప్పుడు హెచ్చరిక వచ్చింది. 1983 సెప్టెంబర్‌లో సోవియట్ అధికారి పెట్రోవ్, అమెరికా క్షిపణులు వస్తున్నాయని తన ఉపగ్రహ వ్యవస్థ చెప్పింది నమ్మలేదు. మనుషులు ఆగి ఆలోచించబట్టి బతికాం.

ఇది పాత కథ కాదు. సౌత్ డకోటాలోని క్షిపణులను 1991 తర్వాత తీసేశారు గానీ, మోంటానా, నార్త్ డకోటా, వయోమింగ్ స్థావరాల అధీనంలో 400 మినిట్‌మన్-3 క్షిపణులు ఇప్పటికీ సిద్ధంగా ఉన్నాయి. వాటి స్థానంలో సెంటినెల్ అనే కొత్త క్షిపణి వస్తోంది. 2024లో దాని ఖర్చు అంచనా 81 శాతం పెరిగి దాదాపు 14,100 కోట్ల డాలర్లకు చేరింది. పాత పరికరాలకు స్పేర్లు దొరక్కపోతే పడే తిప్పలు నాకు తెలుసు, మార్చాలనడం అర్థమవుతుంది. నా అభ్యంతరం వేరు. కొత్త క్షిపణీ కదలని గోతిలోనే ఉంటుంది. కంప్యూటర్లు మారతాయి, తీగలు మారతాయి, ఆలోచించుకునే సమయం మాత్రం ఒక్క నిమిషం కూడా పెరగదు. మాజీ రక్షణ మంత్రి విలియం పెర్రీ ఈ కారణంతోనే నేల మీది క్షిపణులను వదిలేయమన్నారు. సెంటినెల్‌ని 2075 దాకా వాడాలని ప్లాన్. అంటే మా మనవడు ముసలివాడయ్యే దాకా. ఆ తరం పిల్లలను అడక్కుండా ఈ టెన్షన్ వాళ్ల నెత్తిన పెట్టడం అన్యాయం.

అమెరికా గొడవ మనకెందుకు అనీ అనలేం. హైదరాబాద్ డీఆర్‌డీఓ ల్యాబ్‌లలో తయారైన అగ్ని-5ని 2024 మార్చిలో ఒకే క్షిపణిలో అనేక వార్‌హెడ్లు పెట్టే పద్ధతిలో పరీక్షించారు. నాకూ గర్వంగానే అనిపించింది. అయితే అణ్వాయుధాలను ముందుగా ప్రయోగించబోమని మాటిచ్చిన మన దేశం, త్వరగా పేల్చడానికి వీలుగా డబ్బాలో సీలు వేసిన క్షిపణి ఎందుకు చేసుకుంటోందో జనానికి వివరంగా చెప్పాలి.

డెల్టా-09 దగ్గర గాజు పైకప్పులోంచి గోతిలో నిలబెట్టిన క్షిపణిని చూడొచ్చు. ఇంధనం లేని శిక్షణ నమూనా అది. టికెట్ లేదు. డెల్టా-01 టూర్ అరగంటే, నాకు చాలలేదు. టూర్ చూపించే రేంజర్‌ని అడగాల్సినవి ముందే అనుకుని వెళ్లండి, కింద ఆ కుర్చీల పక్కన నిలబడే అడగండి. సెంటినెల్ గురించి కూడా.