తోచినంత కట్టండి: బ్యాండ్‌క్యాంప్ ధర పెట్టె, ఏళ్ల వాడకం తర్వాత

బ్యాండ్‌క్యాంప్ అంటే కళాకారులు తమ పాటలు నేరుగా అభిమానులకి అమ్ముకునే వెబ్‌సైట్. అందులో కొన్ని ఆల్బమ్‌లకి ధర ఉండాల్సిన చోట అంకె కనిపించదు. "నేమ్ యువర్ ప్రైస్" అని మాత్రం ఉంటుంది. నొక్కితే ఒక ఖాళీ పెట్టె తెరుచుకుంటుంది. అందులో సున్నా వేసినా ఆల్బమ్ వస్తుంది, వంద డాలర్లు వేసినా అదే ఆల్బమ్. హరికథ దగ్గర తిరిగే హారతి పళ్లెం ఎరిగినవాళ్లకి ఇదేం వింత కాదు. కాకపోతే పళ్లెంలో ఎంత వేశారో ఇక్కడ పక్కవాళ్లు చూడరు.

తీర్పు ముందే చెప్పేస్తాం. కొనేవాళ్లకి ఇది బంగారం లాంటి ఏర్పాటు, ముఖ్యంగా చేతికొచ్చే ఫైళ్ల విషయంలో. చిన్న చిన్న మొత్తాలు కట్టేవాళ్ల డబ్బు మాత్రం కళాకారుడి దాకా వెళ్లేలోపే కరిగిపోతుంది. ఇక భారత్‌లో ఉండి కొనాలన్నా అమ్మాలన్నా గుమ్మం దగ్గరే కొన్ని చిక్కులున్నాయి.

ముందు పెట్టె సంగతి. కళాకారుడికి రెండు మీటలుంటాయి. ఒకటి కనీస ధర, రెండోది "ఇంకా ఎక్కువ ఇవ్వాలనుకుంటే ఇవ్వనివ్వు" అనే టిక్కు. కనీస ధర సున్నా పెట్టి టిక్కు వేస్తే పూర్తిగా మీ ఇష్టం. కనీసం 5 డాలర్లు పెట్టి టిక్కు వేస్తే 5 గానీ అంతకు మించి గానీ కట్టాలి. సున్నా వేసి దించుకునేవాళ్ల దగ్గర ఈమెయిల్ తీసుకునేలా కూడా కళాకారుడు పెట్టుకోవచ్చు. చాలామంది పెడతారు. అలా ఇచ్చిన చిరునామాకి తర్వాత కొత్త పాటల కబుర్లు వస్తాయి. అదీ ఒక రకం ధరే అనుకోండి.

బయటికి కనపడనిది ఇంకొకటుంది. ఉచిత డౌన్‌లోడ్‌లకి లెక్క ఉంది. కళాకారుడి ఖాతాకి నెలకి 200 ఉచిత క్రెడిట్‌లు వస్తాయి, మీరు సున్నా వేసిన ప్రతిసారీ అందులో ఒకటి ఖర్చవుతుంది. అవి చాలకపోతే కొనుక్కోవాలి. డబ్బు కట్టి దించుకున్నవి ఈ లెక్కలోకి రావు. ఒక ఆల్బమ్ అనుకోకుండా పేరు తెచ్చుకుని జనం ఎగబడి సున్నాకి దించుకుంటుంటే ఆ నెల కోటా మూడు రోజుల్లో అయిపోవచ్చు. నిన్నటిదాకా ఉచితంగా ఉన్నది ఇవాళ ధరతో కనపడితే కళాకారుడు మాట మార్చాడని అనుకోకండి, కోటా అయిపోయి ఉండొచ్చు.

ఇప్పుడు డబ్బు. డిజిటల్ అమ్మకంలో బ్యాండ్‌క్యాంప్ వాటా 15%. ఒక ఖాతా ఏడాదిలో 5,000 డాలర్ల అమ్మకం దాటితే అది 10%కి తగ్గుతుంది. ఇది కాక కార్డు, పేపాల్ (ఆన్‌లైన్ చెల్లింపు సేవ) ఖర్చులు వేరే. ఆ ఖర్చులో ఒక భాగం శాతం, ఇంకో భాగం మొత్తంతో సంబంధం లేని స్థిరమైన చిల్లర. అసలు చిక్కు ఆ చిల్లర దగ్గరే ఉంది. చాలాకాలం అమెరికాలో మామూలుగా నడిచిన 2.9% ప్లస్ 30 సెంట్ల రేటుతో లెక్క వేసి చూడండి. మీరు 1 డాలరు కడితే 15 సెంట్లు వాటాకి, 33 సెంట్లు చెల్లింపు ఖర్చుకి పోయి కళాకారుడికి 52 సెంట్లు మిగులుతాయి. 3 డాలర్లు కడితే 2.16 మిగులుతుంది. 10 కడితే 7.91. అంటే ఒకే కళాకారుడికి మూడు సార్లు ఒక్కో డాలరు కడితే 1.56 చేరుతుంది, అదే మూడు డాలర్లు ఒక్కసారి కడితే 2.16. చిన్న మొత్తాలకి పేపాల్‌లో వేరే రేటు ఉండేది, 5% ప్లస్ 5 సెంట్లు. 12 డాలర్ల లోపు అమ్మకాలకి అదే మేలు, కానీ కళాకారుడు అడిగి పెట్టించుకోవాలి. అది పెట్టించుకున్నాడో లేదో కొనేవాళ్లకి తెలియదు.

కాబట్టి మా పద్ధతి ఇది: పాటలు విడిగా కొనం, ఆల్బమ్‌గా కొంటాం. ఒకే కళాకారుడివి మూడు నచ్చితే అప్పటికప్పుడు ఒక్కోటి కాకుండా విష్‌లిస్ట్‌లో పెట్టి, ఒకేసారి కార్ట్‌లో వేసి కడతాం. అర డాలరు కట్టి మనసు తేలిక చేసుకోవడం కన్నా ఈసారికి సున్నా వేసి, ఆర్నెల్ల తర్వాత అన్నిటికీ కలిపి పది డాలర్లు కట్టడం ఆ మనిషికి ఎక్కువ ఉపయోగం. వినడానికి మొరటుగా ఉంది గానీ లెక్క అదే చెబుతోంది.

కట్టే రోజు కూడా ఎంచుకోవచ్చు. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని 2020 మార్చి 20న, కోవిడ్‌తో కచేరీలన్నీ ఆగిపోయినప్పుడు మొదలుపెట్టారు. ఆ రోజు వాళ్ల వాటా తీసుకోరు. మొదటి రోజే జనం 43 లక్షల డాలర్లు ఖర్చుపెట్టారు. మామూలు రోజుల్లో సగటున 82%, ఆ శుక్రవారాల్లో 93% కళాకారుడి వైపు వెళ్తుందని కంపెనీ లెక్క. ప్రతి నెలా ఉండదు, ఏ నెలలో ఉందో ముందే ప్రకటిస్తారు. మనవాళ్లు పొరపాటు పడేది గంటల దగ్గర. ఆ శుక్రవారం అమెరికా పసిఫిక్ టైముది. అక్కడి వేసవి గడియారం నడుస్తున్న నెలల్లో మనకి శుక్రవారం మధ్యాహ్నం 12:30 నుంచి శనివారం మధ్యాహ్నం 12:30 దాకా. చలికాలంలో గంట ఆలస్యంగా, 1:30 నుంచి 1:30. శుక్రవారం పొద్దున్నే లేచి కొంటే అది వాళ్లకి ఇంకా గురువారమే.

ఎంత కట్టాలి అన్నదానికి ఎవరూ జవాబు చెప్పరు. కొన్ని పాత లెక్కలు మాత్రం పనికొస్తాయి. 2003లో మొదలైన మాగ్నాట్యూన్ అనే ఆన్‌లైన్ సంగీత సంస్థ ఆల్బమ్‌కి 5 నుంచి 18 డాలర్ల మధ్య ఎంతైనా కట్టమనేది. 8 సరైన ధర అని పక్కన సూచన ఉండేది. ఆ చెల్లింపులని పరిశీలించిన ఆర్థికవేత్తలకి సగటు 8.20 తేలింది. ఐదు కట్టి పోగలిగినవాళ్లు సగటున ఎనిమిది పైన కట్టారు, ఎదురుగా ఒక అంకె కనపడడం కూడా అందుకు ఒక కారణం కావచ్చు. 2007 అక్టోబర్ 10న బ్రిటిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ వాళ్లు "ఇన్ రెయిన్‌బోస్" ఇచ్చినప్పుడు ఆ సూచన కూడా లేదు. ఖాళీ పెట్టె, కట్టేవాళ్లకి 45 పెన్నీల కార్డు ఖర్చు అదనం. 62% మంది ఏమీ కట్టలేదని ఇంటర్నెట్ వాడకాన్ని లెక్కగట్టే కామ్‌స్కోర్ సంస్థ అంచనా వేసింది, బ్యాండ్ ఆ అంచనాని తోసిపుచ్చింది. అయినా డిజిటల్ ఆదాయంలో తమ పాత ఆల్బమ్‌లన్నీ కలిపినదానికన్నా దీనికే ఎక్కువ వచ్చిందని ఆ బ్యాండ్ గాయకుడు టామ్ యార్క్ చెప్పాడు. పాత కంపెనీ ఒప్పందాల్లో డిజిటల్ అమ్మకం మీద వాళ్లకి పెద్దగా వచ్చేది కాదు, అందుకే ఆ పోలిక అంత ఘనంగా ఉంది. రేడియోహెడ్‌కి అప్పటికే ప్రపంచమంతా అభిమానులున్నారు, కాబట్టి ఆ ఉదాహరణ చూసి కొత్తవాళ్లు ఆశలు పెంచుకోకూడదు. అదే ఏడాది అమెరికన్ కవి, ర్యాపర్ సాల్ విలియమ్స్ ఇచ్చిన ఆల్బమ్ లెక్కలు కొత్తవాళ్లకి ఎక్కువ దగ్గర. ఉచితంగానైనా తీసుకోండి, 5 డాలర్లకైనా తీసుకోండి అన్నారు. రెండు నెలల్లో 1,54,449 మంది దించుకుంటే 28,322 మంది కట్టారు, 18.3%. దాన్ని నిర్మించిన ట్రెంట్ రెజ్నర్ ఈ అంకెలు చూసి నిరాశపడ్డాడు. అయిదుగురిలో ఒకరి లోపు అంటే నిజానికి అంత చెడ్డ అంకె కాదని మా అభిప్రాయం.

ఖాళీ పెట్టె ముందు చేయి ఆగితే, అదే కళాకారుడి ధర పెట్టిన ఇతర ఆల్బమ్‌లు చూడండి. ఆరు పాటలున్న ఈపీకి (పొట్టి ఆల్బమ్‌కి) ఆయన 4 అడుగుతుంటే పన్నెండు పాటల ఆల్బమ్‌కి 7, 8 న్యాయం. అమ్మేవాళ్లకి మా సలహా, సున్నా కనీసం పెట్టినా ఆల్బమ్ వివరంలో "మామూలుగా 6 డాలర్లు" అని ఒక్క వాక్యం రాయండి. పైన మాగ్నాట్యూన్‌లో పనిచేసింది అదే కావచ్చు.

మన దేశంలో కూర్చుని కట్టడం. కార్డు లేదా పేపాల్ ఉండాలి, యూపీఐ కుదరదు. కొత్త కార్డుల మీద విదేశీ ఆన్‌లైన్ చెల్లింపులు మూసి ఉంటాయి, ఆర్‌బీఐ 2020 నియమం అది. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఇంటర్నేషనల్, ఆన్‌లైన్ రెండూ తెరవాలి, పరిమితి ఓ రెండు వేలకి పెట్టుకుంటే నిద్ర పడుతుంది. పని అయ్యాక మళ్లీ మూసేయండి. బ్యాంకులు మారకం మీద సాధారణంగా 2 నుంచి 3.5% వేస్తాయి, దాని మీద 18% జీఎస్టీ. డాలరు 85 రూపాయలనుకుంటే 5 డాలర్ల ఆల్బమ్ 425 కాదు, 443 దాకా పడుతుంది. పేపాల్ ద్వారా కడితే మారకం పేపాల్ చేయాలా, కార్డు బ్యాంకు చేయాలా అన్న ఎంపిక చెల్లింపు పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాదాపు ఎప్పుడూ కార్డు బ్యాంకుదే చవక.

తెలుగు సినిమా పాటల కోసం వెతక్కండి, దాదాపు ఉండవు. వాటి హక్కులు ఆడియో కంపెనీలవి, ఇక్కడ అమ్మాలంటే హక్కులు తమ దగ్గర ఉండాలి.

ఇక ఫైళ్లు. అసలు సుఖం ఇక్కడే. కళాకారుడు శబ్దంలో ఏమీ పోగొట్టని (లాస్‌లెస్) ఫైలే, అంటే వేవ్, ఏఐఎఫ్ఎఫ్ లేదా ఫ్లాక్ ఎక్కించాలి. దాంట్లోంచి మీకు కావలసిన రూపం వాళ్లు తయారుచేసి ఇస్తారు: ఎంపీ3 వీ0, ఎంపీ3 320, ఫ్లాక్, ఏఏసీ, ఆగ్ వోర్బిస్, అలాక్, వేవ్, ఏఐఎఫ్ఎఫ్. 45 నిమిషాల ఆల్బమ్ ఎంపీ3 320లో సుమారు 108 ఎంబీ. సీడీ నాణ్యత వేవ్‌లో 476 ఎంబీ, ఫ్లాక్‌లో సంగీతాన్ని బట్టి 250, 300 దగ్గర. సీడీ కన్నా ఎక్కువ వివరం ఉండే 24 బిట్ ఫైలు ఎక్కించి ఉంటే ఫ్లాక్ ఒక జీబీ దాకా పోవచ్చు. ఎప్పుడూ ఫ్లాక్ ఒక కాపీ దించి దాచుకోండి, ఎంపీ3 దాన్నుంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఎంపీ3 నుంచి ఫ్లాక్ చేస్తే సైజు పెరుగుతుంది, నాణ్యత పెరగదు. ఆపిల్ మ్యూజిక్ లైబ్రరీ ఫ్లాక్‌ని తీసుకోదు, ఐఫోన్ వాళ్లు అలాక్ (ఆపిల్ వాళ్ల లాస్‌లెస్ రూపం) ఎంచుకోవాలి. వేవ్ జోలికి వెళ్లకండి, చాలా ప్లేయర్లలో పాట పేరు, బొమ్మ కనపడవు.

ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఆగకుండా సాగే ఆల్బమ్‌లయితే ఎంపీ3లో మధ్యలో చిన్న తెగు వినపడొచ్చు. ఎంపీ3 ఎన్‌కోడర్ పాట మొదట్లో, చివర్లో కొంచెం నిశ్శబ్దం చేరుస్తుంది, దాన్ని లెక్కపెట్టి తీసేయడం అన్ని ప్లేయర్లకీ రాదు. ఫ్లాక్‌లో ఆ బాధ లేదు.

ఫ్లాక్ అని ఉన్నంత మాత్రాన నిజమైన ఫ్లాక్ అని కాదు. కొందరు కళాకారులు తమ దగ్గర మిగిలిన ఎంపీ3నే వేవ్‌గా మార్చి ఎక్కిస్తారు, మోసం చేద్దామని కాదు, అసలు ఫైళ్లు పోగొట్టుకుని. పాటలో ఏ స్థాయి శబ్దాల దాకా ఉన్నాయో బొమ్మగా చూపించే స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాట వేసి చూడండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు కోసేసి ఉంటే అది ఒకప్పటి 128 ఎంపీ3, 20 దగ్గర ఆగితే 320 అనుకోవచ్చు. పాత క్యాసెట్ రికార్డింగుల్లో పై శబ్దాలు సహజంగానే సన్నగిల్లుతాయి, వాటిని చూసి తొందరపడి నింద వేయకండి. సన్నగిల్లడం వేరు, కోసినట్టు ఉండడం వేరు.

ఆల్బమ్ జిప్‌లో వస్తుంది. ప్రతి ఫైలు పేరులో కళాకారుడు, ఆల్బమ్, నంబరు, పాట అన్నీ ఉంటాయి, ఫోల్డర్ పేరులో మళ్లీ అవే. విండోస్‌లో ఫోల్డర్ల పేర్లు, ఫైలు పేరు కలిపిన మొత్తం దారి 260 అక్షరాలు దాటితే జిప్ విప్పేటప్పుడు ఎర్రర్ వస్తుంది, లేదా కొన్ని పాటలు చప్పుడు చేయకుండా మిస్సవుతాయి. సి డ్రైవ్ మొదట్లోనే "పాటలు" లాంటి పొట్టి పేరుతో ఫోల్డర్ చేసి అక్కడ విప్పితే సరి. విప్పాక పాటల సంఖ్య పేజీలో ఉన్న సంఖ్యతో సరిపోల్చండి. డౌన్‌లోడ్ మధ్యలో తెగిందేమో అనుమానమొస్తే ఫూబార్2000 అనే ప్లేయర్‌లో పాటలన్నీ ఎంచుకుని ఇంటెగ్రిటీ పరీక్ష నడపండి, ఫ్లాక్ లోపలే సరిచూసుకునే సంకేతం ఉంటుంది.

డబ్బు కట్టి కొన్నవి మీ కలెక్షన్‌లో ఉంటాయి, ఇంకో రూపంలో మళ్లీ దించుకోవచ్చు. ఖాతా లేకుండా కొంటే రసీదు మెయిల్‌లో ఉన్న లింకే ఆధారం, ఆ మెయిల్ పారేయకండి. సున్నాకి దించుకున్నవాటికి ఆ రోజే రెండో చోట ఒక కాపీ పెట్టడం మంచిది. కంపెనీ చేతులు కూడా మారుతూ ఉంది: 2022లో వీడియో గేముల కంపెనీ ఎపిక్ గేమ్స్ కొంది, 2023లో సంగీత లైసెన్సింగ్ కంపెనీ సాంగ్‌ట్రేడర్‌కి అమ్మింది, ఆ మార్పులో సగం మంది దాకా ఉద్యోగాలు పోయాయి.

కారు యూఎస్‌బీకి ఎక్కించేవాళ్లు పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఎంపీ3 320 వేసుకోండి, పాత స్టీరియోలు చాలావరకు ఫ్లాక్‌ని గుర్తించవు. తెలుగు లిపిలో ఉన్న పాట పేర్లు అక్కడ ఖాళీ గళ్లుగా కనపడతాయి. పాట వివరాలు మార్చే ఎంపీ3ట్యాగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి, ఆ కాపీని కారుకి మాత్రమే వాడుకోండి.

భారత్ నుంచి అమ్మాలనుకునేవాళ్లకి ఒక్క హెచ్చరిక. పేపాల్ మన దేశంలో దేశీయ చెల్లింపులు 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. భారతీయ పేపాల్ ఖాతాకి విదేశాల నుంచే డబ్బు వస్తుంది, అదీ పాన్, పర్పస్ కోడ్ (డబ్బు దేనికోసమో చెప్పే సంకేతం) ఇచ్చాక, వచ్చినది దానంతటదే బ్యాంకులోకి పోతుంది. డాలస్‌లో ఉన్న అభిమాని సులువుగా కడతాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నవాడికి దారి ఉండదు. ఇక్కడివాళ్ల కోసం రేజర్‌పే అనే చెల్లింపు సేవలో పేమెంట్ పేజీ ఒకటి తోడుగా పెట్టుకోండి, అందులో మొత్తం కొనేవాళ్లే వేసేలా, కనీసం ఎంతో చెప్పేలా పెట్టే వీలుంది, యూపీఐ నడుస్తుంది. డబ్బు అందాక ఫైలు పంపడం మాత్రం మీ పనే. ఒకే డ్రైవ్ లింకు అందరికీ ఇస్తే వారంలో అది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. సున్నాకి ఇవ్వడానికి సిద్ధపడే పెట్టారు కాబట్టి దానికి పెద్దగా బాధపడక్కర్లేదు గానీ, ఆ జిప్‌లో పేమెంట్ పేజీ చిరునామా ఉన్న చిన్న టెక్స్ట్ ఫైలు ఒకటి వేసి ఉంచండి.