అప్‌డేట్ తర్వాత లేవని ల్యాప్‌టాప్: విండోస్ 11 రికవరీ మెనూ పనితీరు

అప్‌డేట్ పడ్డాక ల్యాప్‌టాప్ మళ్లీ లేవకపోతే రిపేరు షాపులో ముందు వినపడే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం". చాలాసార్లు ఆ అవసరమే రాదు. విండోస్ 11తో పాటే వచ్చే రికవరీ మెనూని వరుస తప్పకుండా వాడితే ఫైళ్లూ సాఫ్ట్‌వేర్లూ పోకుండానే సిస్టమ్ దారిలో పడుతుంది. ఈ మెనూకి మేమిచ్చేది 5కి 3.5 మార్కులు.

మెనూ జోలికి వెళ్లేముందు మెషీన్ నిజంగా ఆగిపోయిందో లేదో చూడాలి. క్యాప్స్ లాక్ నొక్కితే లైటు వెలిగి ఆరుతోందా, చుక్కలు తిరుగుతున్నాయా? అయితే ముట్టుకోకండి. ఎస్‌ఎస్‌డీ ఉంటే గంట, పాత హార్డ్‌డిస్క్ అయితే రెండు మూడు గంటలు ఓపిక పట్టడం మేలు. ఫైళ్లు మారుతున్న సమయంలో పవర్ తీసేస్తే చిన్న చిక్కు కాస్తా పెద్దదవుతుంది. తెర పూర్తిగా నల్లగా ఉంటే చార్జర్, పెన్‌డ్రైవ్, ప్రింటర్ కేబుల్ అన్నీ పీకేసి పవర్ బటన్ 30 సెకన్లు అదిమిపట్టి, చార్జర్ మాత్రం తగిలించి ఆన్ చేయండి.

అయినా లేవలేదా? ఆన్ చేసి, కంపెనీ లోగో రాగానే పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి ఆపేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ మెనూ దానంతటదే తెరుచుకుంటుంది.

అక్కడ అందరి చూపూ స్టార్టప్ రిపేర్ మీద పడుతుంది. చెడింది అప్‌డేట్ వల్లే అని తెలిసినప్పుడు దానికన్నా ముందు నొక్కాల్సింది ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. నెలనెలా వచ్చేదైతే క్వాలిటీ అప్‌డేట్, వెర్షనే మారితే ఫీచర్ అప్‌డేట్ ఎంచుకోవాలి. రెండోదాన్ని తీసేయడానికి గడువు మామూలుగా 10 రోజులే, ఆ తర్వాత పాత విండోస్ ఫైళ్లు చెరిగిపోతాయి. ఈ మెనూలో మాకు బాగా నచ్చిన ఆప్షన్ ఇదే. అది కుదరదంటే, సిస్టమ్‌ని ముందు దాచిన స్థితికి తిప్పే సిస్టమ్ రీస్టోర్. అదీ లేకపోతే ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ కమాండ్ ప్రాంప్ట్‌లో dism /image:C:\ /cleanup-image /revertpendingactions కొట్టాలి. సగంలో ఆగిన అప్‌డేట్‌ని ఇది వెనక్కి తిప్పుతుంది. ఒక్క జాగ్రత్త: రికవరీలో డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు. విండోస్ ఫోల్డర్ సీ లో ఉందో డీ లో ఉందో ముందు dir కొట్టి చూసుకోండి.

చాలామంది చిక్కుకునేది డిస్క్‌కి తాళం వేసి ఉంచే బిట్‌లాకర్ దగ్గర. 48 అంకెల రికవరీ కీ అడిగే నీలం తెర మీద కీ ఐడీ కూడా కనిపిస్తుంది. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, ఆ ఐడీలో మొదటి 8 అక్షరాలు ఏ కీతో కలుస్తాయో చూసి అదే ఎక్కించాలి. షాపువాళ్లు తమ ఈమెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఆ కీ వాళ్ల అకౌంట్‌లో ఉండిపోతుంది. కొన్న రోజే అకౌంట్ మార్చుకుని కీని కాగితం మీద రాసిపెట్టుకోండి.

మార్కులు కోసింది మెనూ మీద పూర్తి భరోసా పెట్టుకోలేకపోవడం వల్ల. 2025 అక్టోబర్ 14న వచ్చిన కేబీ5066835 అనే విండోస్ 11 అప్‌డేట్ తర్వాత రికవరీలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. ఆదుకోవాల్సిన చోటే చేతులు కట్టేసినట్టయింది. అక్టోబర్ 20న కేబీ5070773తో సరిచేశారు. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన కేబీ5034441 అయితే రికవరీ పార్టిషన్‌లో (రికవరీ మెనూ ఫైళ్లు ఉండే డిస్క్ భాగం) 250 ఎంబీ ఖాళీ లేక ఎందరికో 0x80070643 ఎర్రర్‌తో ఆగిపోయింది.

క్విక్ మెషీన్ రికవరీ విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో వచ్చిన మంచి చేర్పు. 2024 జులైలో క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్‌లోని లోపం 85 లక్షల విండోస్ మెషీన్లను పడగొట్టాక పుట్టిన ఆలోచన ఇది. లేవని మెషీన్ నెట్‌కి కలిసి మందు తెచ్చుకుంటుంది. కానీ మైక్రోసాఫ్ట్ అప్పటికే పరిష్కారం విడుదల చేసిన విస్తృత లోపాలకే అది పనికొస్తుంది.

విండోస్‌ని మళ్లీ కొత్తగా ఎక్కించే రీసెట్ దిస్ పీసీ చివరి మాట కావాలి. కీప్ మై ఫైల్స్ ఎంచుకున్నా మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి. డీటీపీ సెంటర్లలో అను స్క్రిప్ట్ మేనేజర్, అకౌంట్ల దగ్గర ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్లు అన్నీ మళ్లీ వేసుకోవాలి. అందుకే ముందు డేటా బయటికి తీయండి: కమాండ్ ప్రాంప్ట్‌లో notepad అని టైపు చేసి, ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ పెట్టండి. ఆ చిన్న కిటికీలోనే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్. ఎంత కాపీ అయిందో చూపించదు, తెర బిగుసుకున్నట్టు ఉంటుంది. కంగారుపడి ఆపేయకండి.

ల్యాప్‌టాప్ లేచాక సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను వారం రెండు వారాలు పాజ్ చేయండి, లేకపోతే అదే అప్‌డేట్ మళ్లీ దిగుతుంది. ఆ వ్యవధిలో అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి reagentc /info కొట్టండి, రికవరీ మెనూ ఆన్‌లో ఉందో లేదో చెబుతుంది. స్టేటస్ డిసేబుల్డ్ అని వస్తే reagentc /enable కొట్టాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఎక్కించి ల్యాప్‌టాప్ బ్యాగులో పడేయండి.