ఉచిత వకీలు ఎంతవరకు ఆదుకుంటారు? డిఫెన్స్ కౌన్సెల్ సేవపై సమీక్ష

క్రిమినల్ కేసులో ఇరుక్కుని ఫీజు కట్టలేని వారి కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థను ప్రారంభించింది. దూరపు బంధువుల అబ్బాయి కేసులో ఈ సేవను దగ్గరగా చూశాను.

అర్హత విషయంలో అపోహలు చాలా ఉన్నాయి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలతో పాటు కస్టడీలో ఉన్నవారెవరికైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సాయం దక్కుతుంది. ముద్దాయి నోరు తెరిచి అడగలేదన్న కారణంతో వకీలు లేకుండా విచారణ జరిపితే ఆ శిక్ష నిలవదని సుప్రీంకోర్టు 1986లో సుఖ్ దాస్ కేసులోనే తేల్చింది.

పాత ప్యానెల్ పద్ధతిలో, అంటే జాబితాలోని ప్రైవేటు వకీళ్లకు కేసులు అప్పగించే పద్ధతిలో, వకీళ్లకు సొంత కేసులు ఉండేవి. కేసుకు ఇంత అని ముట్టే స్వల్ప పారితోషికానికి వారు ఎంత సమయం కేటాయించగలరో ఊహించడం కష్టం కాదు. ఇప్పుడు డిఫెన్స్ కౌన్సెల్ కార్యాలయంలోని వకీళ్లకు నెల జీతం ఇస్తున్నారు, ప్రైవేటు ప్రాక్టీసుకు అనుమతి లేదు. ఆ తేడా క్రాస్ ఎగ్జామినేషన్‌లో తెలుస్తుంది. మన విధానంలో జడ్జి సాధారణంగా తానే సాక్ష్యం వెతకరు, ఇరుపక్షాలు ముందుంచినదాన్ని తూచి తీర్పు చెబుతారు. కాబట్టి ముద్దాయి తరఫున ప్రశ్నించేవారు లేకపోతే పోలీసులు చెప్పిందే మిగులుతుంది. మాకు కేటాయించిన వకీలు పంచనామా (సోదా, స్వాధీనం జరిగిన చోటే సాక్షుల ముందు రాయాల్సిన పత్రం) మధ్యవర్తిని, సంతకం ఎక్కడ చేశారని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. స్టేషన్‌లో చేశానని అతను ఒప్పుకున్నాడు. ఫైలు ముందుగా చదివినవారికే తట్టే ప్రశ్న అది.

లోపాలు లేకపోలేదు. ప్రాసిక్యూషన్ వెనుక పోలీసు యంత్రాంగం, ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంటాయి; మేము చూసినచోట డిఫెన్స్ వైపు సాక్షులను వెతికే భారమంతా కుటుంబం మీదే పడింది. అరెస్టయిన తొలి 24 గంటలు మరీ బలహీనం. నచ్చిన వకీలును సంప్రదించే హక్కును రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చినా, ఆ రాత్రి న్యాయ సాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయాలని ఇంట్లోవారిలో ఎవరికీ తెలియదు. ఈ నంబరును స్టేషన్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయడానికి ఏం ఖర్చవుతుందో నాకర్థం కాదు.

బెయిలు వచ్చాక పూచీదారులు దొరక్కపోతే వేరే చిక్కు. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది. అందాకా ఆగకుండా కుటుంబమే ఆ కార్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వడం మేలు. హత్య వంటి పెద్ద కేసులైతే వకీలుకు ఎన్నేళ్ల అనుభవం ఉందో మొహమాటం లేకుండా అడగాలి. ఉరిశిక్షకు లేదా యావజ్జీవానికి అవకాశమున్న కేసుల్లో ముద్దాయి తరఫున కోర్టు నియమించే అమికస్‌కు (కోర్టుకు సాయపడే వకీలుకు) కనీసం పదేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2019లో అనోఖీలాల్ తీర్పు చెప్పింది. సాధారణ దొంగతనం, కొట్లాట కేసులకు మాత్రం అప్పు చేసి ప్రైవేటు వకీలును పెట్టుకోవడం కంటే ముందు ఎఫ్ఐఆర్ నకలు, రిమాండు కాగితాలతో జిల్లా కోర్టులోని ఈ కార్యాలయానికి వెళ్లమనే చెబుతాను.