డిసెంబరు మద్రాసు: కచేరీకి వంద మార్కులు, లాడ్జికి సున్నా

కచేరీల మీద ఫిర్యాదేమీ లేదు. ఒళ్లు మండించింది మైలాపూర్ పక్కన ఓ లాడ్జి.

మద్రాసు వదిలి హైదరాబాదులో స్థిరపడ్డవాళ్లు డిసెంబరు సంగీత సీజనుకు మళ్లీ వెళ్తుంటే ముందు అడగాల్సింది గది అద్దె కాదు, చెక్ అవుట్ మధ్యాహ్నం 12కా, 24 గంటలకా అని. రాత్రి రైలు దిగి పొద్దున 6కి గదిలో చేరితే, 12 కొట్టేసరికి ఒక రోజు అద్దె హుష్. మూడోరోజు రాత్రి రైలెక్కేలోగా పడుకున్నది రెండు రాత్రులే, కట్టింది నాలుగు రోజులకు: రోజుకు 2,400 చొప్పున 9,600. 24 గంటల లెక్కయితే 7,200తో పోయేది. దానిమీద 12 శాతం జీఎస్టీ వేశారు. 7,500 లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. అంటే 480 బదులు 1,152. అడిగితే కంప్యూటర్ మీద నెపం. బిల్లు చూడకుండా డబ్బు చేతికివ్వకండి.

ఇక సంగీతం. పేరున్నవాళ్ల సాయంత్రం కచేరీల కోసం పరుగులొద్దు. మ్యూజిక్ అకాడెమీలో మంచి సీట్లు చాలావరకు సీజన్ టికెట్లవాళ్లవే. మధ్యాహ్నం పాడే కుర్రవాళ్లను వినండి. చాలా సభల్లో, అంటే కచేరీలు జరిపే సంస్థల్లో, ఉచితం, పైగా ముందు వరసలోనే కూర్చోవచ్చు. పెద్దవాళ్లు వెంట ఉంటే శాలువా తప్పనిసరి. ఏసీ చలికి అలిగారంటే కచేరీ మొదట్లో పాడే వర్ణం దగ్గరే ఇంటికి పోదామంటారు.

తెలుగు చెవికి ఒక్కటే బాధ. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. సాహిత్యం అందులో రాసుకుని నేర్చుకున్నవాళ్ల నోట త్యాగరాజు మాటలు అక్కడక్కడా నలుగుతాయి. తాళం కోసం మాటను నడిమికి విరిస్తే అర్థం కూడా జారిపోతుంది. అర్థం తెలిసి పాడేవాళ్లు దొరికితే మాత్రం, రాగం అదే అయినా కీర్తన కొత్తగా వినిపిస్తుంది.

కాంటీన్‌కు తని ఆవర్తనం (పాట ఆపి మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) మొదలవగానే లేచిపోయేవాళ్లున్నారు. మృదంగం వాయించేవాడికి అంతకన్నా అవమానం లేదు, పైగా క్యూ అప్పుడే అతి పొడుగు. రెండు కచేరీల మధ్య విరామానికి పది నిమిషాల ముందే వెళ్తే అడై, అవియల్ వేడివేడిగా దొరుకుతాయి. కాఫీ రెండుసార్లు తాగినా తప్పులేదు.

నాటకాల కోసమైతే డిసెంబరు దండగ, హాళ్లన్నీ కచేరీలవే. తమిళం అర్థమైతే ఏప్రిల్, మే నెలల్లో కార్తీక్ ఫైన్ ఆర్ట్స్ వారి కోడై నాటక విళాకు (వేసవి నాటకోత్సవానికి) వెళ్లండి. కూచిపూడి, భరతనాట్యం చూడాలంటే జనవరి మొదటివారం. త్యాగరాయనగర్ వాణీమహల్‌కు వెళ్తే అక్కడి త్యాగబ్రహ్మ గానసభను పెట్టింది మన చిత్తూరు నాగయ్యేనని పిల్లలకు చెప్పండి.

కచేరీల మధ్య గంట దొరికితే రాయపేట హైరోడ్డుకు ఆటో మాట్లాడుకోండి. 1952లో పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహారదీక్ష చేసి, డిసెంబరు 15న కన్నుమూసిన ఇల్లు అక్కడే ఉంది. ఆటో ఎక్కేముందే బేరం తేల్చుకోండి.