పిట్టగోడ రేకు వంచడానికి: అద్దె మిషనా, సొంత మిషనా, పీణ్యా షాపా?

బెంగళూరులో ఇల్లు కట్టుకున్న మనవాళ్లు చాలామంది పిట్టగోడ పైభాగాన్ని ఉత్త ప్లాస్టరింగ్‌తో వదిలేస్తారు. కొన్ని వానాకాలాలు గడిచేసరికి అక్కడ వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. నీళ్లు వాటిలోంచి లోపలికి దిగి, పై అంతస్తు గదుల్లో పెయింట్ పొక్కులు లేస్తుంది. వాటర్‌ప్రూఫింగ్ అంటూ టెర్రస్ నేలకు ఎంత డబ్బు పోసినా, గోడ తల తెరిచి ఉంటే ఫలితం సగమే. వంచిన రేకును టోపీలా తొడిగి, రెండు వైపులా నీళ్లు గోడకు తగలకుండా కింద పడేటట్టు చేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది. టెర్రస్ మీద షీట్ రూఫ్ వేసుకున్నవాళ్లకు గోడకూ షీటుకూ మధ్య సందులో నీళ్లు దిగకుండా వేసే వంచిన రేకు, అంటే ఫ్లాషింగ్‌దీ ఇదే లెక్క.

రేకు దొరకడం కష్టం కాదు. దాన్ని ఎక్కడ, ఎవరితో వంచించాలన్నదే ప్రశ్న.

ముందు పని ఎంతుందో లెక్క వేసుకోవాలి. 30×40 సైటు తీసుకుందాం. సైటు చుట్టుకొలత 140 అడుగులు. పిట్టగోడ అంతకంటే కొంచెం తక్కువే ఉంటుంది, అయినా 140 అనే అనుకుందాం. ఆరంగుళాల బ్లాకు గోడకు రెండు వైపులా ప్లాస్టరింగ్ కలిపితే దాదాపు 180 మిల్లీమీటర్ల మందం వస్తుంది. పైభాగం 190, రెండు పక్కలా కిందికి 45 చొప్పున, చివర్లో నీళ్లు గోడకు దూరంగా రాలేటట్టు బయటికి వంగే అంచు, అంటే డ్రిప్ 12 చొప్పున పెట్టుకుంటే మొత్తం 304 మిల్లీమీటర్లు. నాలుగడుగుల వెడల్పు షీటును నిలువునా నాలుగు పట్టీలుగా కోస్తే ఒక్కో పట్టీ సుమారు 305 వస్తుంది. అంటే రేకు వృథా కాదు. ఎనిమిదడుగుల పట్టీల మధ్య నాలుగంగుళాల అతుకు వదిలితే 140 అడుగులకు 19 పట్టీలు పడతాయి, ఐదు షీట్లు చాలు. పట్టీకి నాలుగు వంపులు, కాబట్టి మొత్తం 80 వంపులలోపే. అంచును లోపలికి మడిచి మొండిగా చేయించుకోవాలంటే మాత్రం 305 సరిపోదు, షీటుకు మూడు పట్టీలే వస్తాయి.

ఒక ఇంటికి ఉండే పని ఇంతే. 80 వంపుల కోసం మిషన్ కొనడం నాకు ఏ కోణంలోనూ సరైనదిగా కనిపించదు. చవకగా దొరికే చేతి బెండింగ్ మిషన్లలో చాలావరకు నాలుగడుగులవే. వాటితో నాలుగడుగుల ముక్కలే చేయగలం కాబట్టి 19 ముక్కల చోట 39 ముక్కలు అవుతాయి, అతుకులూ రెట్టింపవుతాయి. రేకు టోపీలో నీళ్లు దిగేది అతుకుల దగ్గరే. ఎనిమిదడుగుల చేతి మిషన్ కొంటే అతుకుల సమస్య తీరుతుంది, కానీ అది బాగా బరువు. నేలకు బోల్టులు వేసి బిగించాలి, ముందూ వెనకా మనిషి తిరిగే చోటు ఉండాలి. ఇల్లు పూర్తయ్యాక దాన్ని ఎక్కడ పెట్టుకుంటాం? కొనడం ఫ్యాబ్రికేటర్లకు సరిపోతుంది. కె.ఆర్.పురం, హొరమావు వైపు షీట్ రూఫ్ పనులు చేస్తున్న మన చిత్తూరు, అనంతపురం కుర్రాళ్లు నెలకు నాలుగైదు ఇళ్లు పట్టుకుంటుంటే, సొంత ఎనిమిదడుగుల మిషన్ వాళ్లకు నిజంగా మేలు. సైటులో కొలత మారితే ఆ సాయంత్రమే కొత్త ముక్క చేసుకోవచ్చు, ఇంకొకడి షాపులో వరుస కోసం ఆగాల్సిన టెన్షన్ ఉండదు.

అద్దె విషయానికి వస్తే, చాలామందికి ఈ ఆలోచన వచ్చేది అమెరికా వీడియోలు చూసి. అక్కడ పదడుగుల తేలికపాటి బ్రేక్‌ను (బెండింగ్ మిషన్‌ను) రోజు అద్దెకు తెచ్చుకుని, ఇంటి ముందే పెట్టుకుని వంచేస్తారు. అక్కడ ఎక్కువగా వంచేది చెక్క అంచుల మీద తొడిగే, అర మిల్లీమీటరు మందం ఉన్న మెత్తటి అల్యూమినియం. మనం వాడేది చాలావరకు స్టీల్, అంటే జీఐ (జింకు పూత స్టీల్) లేదా రంగు పూత వేసిన గాల్వాల్యూమ్ (అల్యూమినియం, జింకు కలిసిన పూత స్టీల్). అదే మందంలో దానికి ఎక్కువ బలం కావాలి. పైగా బెంగళూరులో డ్రిల్లింగ్, బ్రేకర్, సెంట్రింగ్ సామాను అద్దెకు దొరికినంత తేలిగ్గా బెండింగ్ మిషన్ దొరకదు. తెలిసిన ఫ్యాబ్రికేటర్ ఎవరైనా తన మిషన్‌తో పాటు ఒక మనిషిని కూడా పంపిస్తే తీసుకోండి. ముందు ఒక తుక్కు పట్టీని వంచించి, రెండు చివర్లా మధ్యలో మూలమట్టం పెట్టి చూడండి. మధ్యలో వంపు తక్కువగా వస్తుంటే రేకును నొక్కి పట్టే బిగింపు బద్దీ వంగిపోయిందని అర్థం. ఆ మిషన్‌తో ఎనిమిదడుగుల పట్టీ తిన్నగా రాదు.

ఇల్లు కట్టుకునేవాళ్లకు నా సలహా బయట వంచించడమే. తుమకూరు రోడ్డు పక్క పీణ్యాలో, హొసూరు రోడ్డు మీద బొమ్మసంద్రలో, మహదేవపుర వైపు కూడా కటింగ్, బెండింగ్ చేసిచ్చే షాపులు ఉన్నాయి. ప్రెస్ బ్రేక్ (రేకును అచ్చులోకి నొక్కి వంచే పెద్ద మిషన్) మీద ఎనిమిదడుగుల వంపు ఒక్క దెబ్బలో, చివరి నుంచి చివరికి ఒకే కోణంలో వస్తుంది. కొందరు వంపుకు ఇంత అంటారు, కొందరు కిలో లెక్క చెబుతారు. మన పని రేకు పలచన, వంపులు ఎక్కువ. అర మిల్లీమీటరు స్టీల్ షీటు పన్నెండు కిలోల లోపే, ఐదు షీట్లకు అరవై కిలోలు దాటదు. కాబట్టి రెండు లెక్కలూ అడిగి పోల్చి చూడండి, తేడా బాగా ఉంటుంది. షాపువాళ్లను మరో మాట కూడా అడగాలి: ఏ డై (రేకు కింద ఉండే V ఆకారపు గాడి అచ్చు) మీద వంచుతారు? గాడి వెడల్పు 16 మిల్లీమీటర్లున్న వీ డై అయితే 10 మిల్లీమీటర్ల డ్రిప్ దానిమీద నిలవదు, జారిపోతుంది. నేను 12 పెట్టింది అందుకే.

షీట్ రూఫ్ డీలర్ల దగ్గర కూడా వంచి ఇస్తారు. రంగు కలుస్తుంది, రవాణా వాళ్లే చూస్తారు. కానీ వాళ్ల దగ్గర తయారుగా ఉన్న సైజే అంటగట్టాలని చూస్తారు. మన గోడకు అది సరిపోతేనే తీసుకోవాలి.

ఎవరితో వంచించినా కొలత మాత్రం మన చేతిలోనే ఉండాలి. ప్లాస్టరింగ్ ఎక్కడా ఒకే మందంలో ఉండదు. మూడడుగులకోసారి గోడ మందం కొలిచి, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకెకు ఎనిమిది, పది మిల్లీమీటర్లు కలపండి. పైన చెప్పిన 190 మీ గోడకు సరిపోకపోతే పక్కలు తగ్గించవద్దు, షీటుకు మూడు పట్టీలే రావడానికి ఒప్పుకోండి. మిల్లీమీటర్లలో, అడ్డకోత బొమ్మ గీసి, రంగు వైపు ఏదో బాణం గుర్తు పెట్టి ఇవ్వాలి. నోటి మాటగా “ఆరంగుళాల గోడ అన్నా” అంటే షాపువాడు ఆరంగుళాలకే వంచుతాడు, అది గోడకు ఎక్కదు. మొత్తం చేయించేముందు ఒకే ఒక్క పట్టీ వంచించి తెచ్చి, గోడ పొడుగునా జరిపి చూడటం అన్నిటికంటే మంచిది. పీణ్యా నుంచి కె.ఆర్.పురం రావడం పెద్ద ప్రయాణమే, అయినా ఆ ఒక్క పట్టీ కోసం తిరగడం దండగ కాదు.

రవాణాలో ఒక చిక్కుంది. టాటా ఏస్ ట్రాలీ సుమారు ఏడడుగులు, పట్టీ ఎనిమిది. బయటికి వచ్చే అడుగు గతుకుల్లో ఊగి వంగిపోతుంది. పట్టీలను ఒకదాంట్లో ఒకటి పేర్చి, రెండు చెక్క బద్దీల మధ్య కట్టించండి.

కిటికీ మీద ఒకటి రెండు ముక్కలే కావాలంటే ఇంత తిరగనక్కర్లేదు. వీధి చివరి వెల్డింగ్ షాపులో రెండు యాంగిళ్ల మధ్య రేకు బిగించి, చెక్క సుత్తితో కొట్టి వంచుతారు. నాలుగడుగుల లోపు జీఐ ముక్కకు అది చాలు. రంగు పూత రేకుకు వద్దు, దెబ్బ పడ్డచోట పూత చిట్లి అక్కడే తుప్పు మొదలవుతుంది.

బిగించేటప్పుడు కూడా దగ్గరుండండి. రంగు రేకును గ్రైండర్‌తో కోయనివ్వకండి. ఆ వేడికి అంచున పెయింటూ జింకూ రెండూ కాలిపోతాయి, కత్తెరతోనే కోయించాలి. అల్యూమినియం ఎంచుకుంటే తడి సిమెంటు తగలకూడదు, అది లోహాన్ని తినేస్తుంది. అల్యూమినియం ఎండకు స్టీల్ కంటే దాదాపు రెండింతలు సాగుతుంది కూడా, అందుకే అతుకు దగ్గర స్క్రూలతో గట్టిగా బిగించకుండా సీలెంట్ పెట్టి జరిగే వీలు ఉంచాలి. గోడ తల వాలు టెర్రస్ లోపలికి ఉండాలి, లేకపోతే దుమ్ము నీళ్లు ముందు గోడ మీద చారలు కడతాయి. రేకు మీద ప్లాస్టిక్ పొర ఉంటే బిగించిన రోజే పీకేయండి. ఎండకు కాలిందంటే అది అతుక్కుపోయి ముక్కలు ముక్కలుగా తప్ప ఊడిరాదు.